జలుబు బిళ్ళ: చీటీ అడగని మందు, ఎవరూ వెయ్యని లెక్క

హైదరాబాద్ బేగంపేటలో గ్రీన్‌ల్యాండ్స్ నుంచి ప్యారడైజ్ దాకా పోయే పెద్ద రోడ్డు మీదైనా, ప్రకాశ్‌నగర్, రసూల్‌పురా లోపలి గల్లీల్లోనైనా మందుల షాపు కోసం ఎక్కువ దూరం నడవక్కర్లేదు. ముసురు పట్టిన రోజుల్లో అక్కడ ఎక్కువగా వినపడే మాట ఒకటే: “అన్నా, జలుబుకు ఏదన్నా గోలీ ఇయ్యి.” చీటీ ఉండదు. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అన్న ప్రశ్న అరుదు. స్ట్రిప్పు కత్తిరించి నాలుగు బిళ్ళలు కాగితపు కవర్లో వేసి ఇస్తారు. కత్తెర పడిన చోటే గడువు తేదీ పోతుంది, లోపల ఏ మందు ఎంత ఉందో చెప్పే అక్షరాలూ పోతాయి. కొన్నవారికి రంగు గుర్తుంటుంది, పేరు గుర్తుండదు.

పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు. పడిశానికి వేసుకునే మందు సంగతి వాళ్ళు చెప్పలేదు, అప్పటికి అది లేదు కనుక. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని చింద్వాడా జిల్లాలో దగ్గు మందు తాగిన పసిపిల్లలు కిడ్నీలు చెడి చనిపోయాక ఈ చర్చ మళ్ళీ ఇంటింటికీ వచ్చింది. వచ్చిన కొద్దీ చిక్కుపడింది. సిరప్‌లన్నీ విషమేనని కొందరు, తప్పంతా ఒక కంపెనీదని కొందరు, చీటీ లేకుండా అమ్మడమే అసలు రోగమని ఇంకొందరు అంటున్నారు. ఈ వాదనలు చాలావరకు ఒకదానికొకటి జవాబు కావు. వాటి అడుగున మూడు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి: కల్తీ, కలయిక, కొలత. ఒకదానికి వాడే మందు మరోదానికి పనిచెయ్యదు. వాటిని విడదీసి చూస్తే తప్ప ఎవరు ఎక్కడ సరిగ్గా ఉన్నారో తెలియదు.

ఈ ఊరికి కొత్త ప్రశ్న కాదు

మందు మనిషికి చేసే చెరుపును పరీక్షకు పెట్టి చూడాలన్న ఆలోచన హైదరాబాద్‌లో నూట ముప్పై ఏళ్ళ కిందటే మొదలైంది. 1888లోను, మళ్ళీ 1889లోను రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ సొమ్ముతో ఇక్కడ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఆపరేషన్ బల్ల మీద క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు ఎందుకు చనిపోతున్నారన్నది ప్రశ్న. జంతువుల మీద వందల ప్రయోగాలు చేసి, ముందు శ్వాస ఆగుతుంది, గుండె ఆ తర్వాతే ఆగుతుంది, కాబట్టి శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలని తేల్చారు. ఆ తీర్మానం నిలవలేదు. క్లోరోఫాం గుండె లయను నేరుగా దెబ్బతీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. అన్ని ప్రయోగాలు చేసినా, అరుదుగా వచ్చే ప్రమాదం వాళ్ళ కంటికి చిక్కలేదు. ఈ వ్యాసంలో ముందుముందు ఈ సంగతే మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. అదే క్లోరోఫాం చాలాకాలం దగ్గు మందుల్లోనూ కలిసేది. అమెరికాలో దాన్ని 1976లో గానీ మందుల్లోంచి తీసెయ్యలేదు.

1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. జ్వరం మనిషికి ఎలా సోకుతుందో వెతికి పట్టుకోవచ్చని ఈ ప్రాంతం ప్రపంచానికి చెప్పిన రోజది. రాస్ పేరు పెట్టుకున్న నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వానాకాలంలో వచ్చే రోగుల్లో చాలామంది అంతకుముందే షాపులో ఏదో ఒక బిళ్ళ వేసుకుని వచ్చినవారే అయివుంటారు.

దగ్గరి గతంలో ఇంకో సంగతి. 2020 మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ కరోనా గురించి మాట్లాడుతూ పారాసిటమాల్ పేరు బహిరంగంగా ఎత్తారు. మరుసటి నెలలోనే జ్వరం, దగ్గు, జలుబు మందులు కొన్నవారి పేరు, ఫోన్ నంబరు రాసుకోవాలని మందుల షాపులను ప్రభుత్వాలు ఆదేశించాయి. జలుబు బిళ్ళ ఎవరు కొన్నారో రాసిపెట్టిన అరుదైన కాలమది. అదీ జబ్బు ఆచూకీ కోసమే, మందు ఏం చేసిందో తెలుసుకోవడానికి కాదు.

చట్టంలో లేని పేరు

‘ఓవర్ ది కౌంటర్’ అన్న మాట మనం తేలిగ్గా వాడేస్తాం. భారతదేశపు మందుల చట్టంలో అలాంటి తరగతి విడిగా లేదు. 1940 నాటి చట్టం, 1945 నాటి నియమాల కింద ఉన్నవి షెడ్యూళ్ళు. షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్‌లలో ఉన్న మందులకు చీటీ కావాలి. వాటిలో లేనివి చీటీ లేకుండా అమ్మవచ్చునని అర్థం చేసుకుంటూ వస్తున్నాం. షెడ్యూల్ కె వెయ్యికి మించని జనాభా ఉన్న పల్లెల్లో పారాసిటమాల్, ఆస్పిరిన్, దగ్గు బిళ్ళలు, ముక్కు దిబ్బడకు పీల్చే గొట్టాలు వంటివి లైసెన్సు లేకుండానే అమ్ముకోనిచ్చింది. డాక్టరు దొరకని పల్లె కోసం పుట్టిన సడలింపు అది. నడిచేంత దూరంలో పెద్దాసుపత్రులున్న బేగంపేటలోనూ అమ్మకం దాదాపు అదే పద్ధతిలో సాగుతోంది.

ఇక్కడో విచిత్రం ఉంది. ముక్కు కారడం ఆపడానికి చాలా జలుబు బిళ్ళల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ షెడ్యూల్ జి కిందికి వస్తుంది. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా వాడటం ప్రమాదమని దాని అట్ట మీద అచ్చు వెయ్యాలి. పొడిదగ్గుకు వాడే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ షెడ్యూల్ హెచ్‌లో ఉంది, అంటే చీటీ మందు. కొనేవాళ్ళకు రెండూ ‘మామూలు దగ్గు మందే’. 2022లో కేంద్రం 16 మందులను చీటీ లేకుండా అమ్మే జాబితాలో చేరుస్తూ ముసాయిదా ప్రకటించింది. పారాసిటమాల్ 500, ముక్కులో వేసే జైలోమెటాజోలిన్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ చప్పరింపు బిళ్ళలు అందులో ఉన్నాయి. ఐదు రోజులకు మించి వాడకూడదు, తగ్గకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి అన్న షరతులూ పెట్టింది. ముసాయిదా వచ్చి ఏళ్ళు గడిచినా ఆ తరగతి చట్టంగా నిలబడలేదు. వాడుకలో మాత్రం ఎప్పుడో నిలబడిపోయింది.

కల్తీ: ఇది దుష్ఫలితం కాదు, విషం

చింద్వాడా పిల్లలు తాగిన కోల్డ్‌రిఫ్ సిరప్ తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. ఆ బ్యాచిలో 48.6 శాతం డైఇథైలీన్ గ్లైకాల్ అనే విషం ఉందని తమిళనాడు మందుల శాఖ పరీక్షలో తేలింది. 20 మందికి పైగా పిల్లలు పోయారు. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ వెంటనే ఆ ఎస్‌ఆర్-13 బ్యాచి వాడవద్దని హెచ్చరిక జారీ చేసింది.

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకుంటే భయం కొంత సరైన దారిలో పడుతుంది. పారాసిటమాల్ నీటిలో బాగా కరగదు. సిరప్ చెయ్యాలంటే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ వంటి ద్రావకం కావాలి. పరిశ్రమల్లో వాడే డైఇథైలీన్ గ్లైకాల్ చూపుకూ రుచికీ దాదాపు అలాగే ఉంటుంది, తియ్యగానూ ఉంటుంది. శుద్ధమైన ద్రావకం బదులు పరిశ్రమ సరుకు వచ్చి పడినా, వచ్చిన డ్రమ్మును పరీక్షించకుండా వాడేసినా, ఆ పాపం పసిపిల్లల కిడ్నీల మీద పడుతుంది. 1937లో అమెరికాలో వంద మందికి పైగా ఇలాగే చనిపోతే మరుసటి ఏడాదే అక్కడ మందుల చట్టం మారింది. మన దేశంలో 1972లో చెన్నై, 1986లో ముంబై, 1998లో గుర్‌గావ్, 2019-20 చలికాలంలో జమ్మూలోని రామ్‌నగర్ ఇదే చూశాయి. 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లల మరణాలకు భారతీయ సిరప్‌లతో ముడిపెడుతూ ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఆ ముడి రుజువు కాలేదని మన ప్రభుత్వం వాదించింది.

ఇన్ని ఊళ్ళ పేర్లు వరసగా రాయాల్సి రావడమే బాధ. అయినా ఒకటి స్పష్టంగా చెప్పుకోవాలి. ఇది జలుబు మందు గుణం కాదు, తయారీలో నేరం. చీటీ తప్పనిసరి చేసినా ఇది ఆగదు. చింద్వాడాలో చాలామంది పిల్లలకు ఆ సీసా డాక్టరు రాసిచ్చిందే. దీనికి జవాబు డ్రమ్ము దగ్గర పరీక్ష, కర్మాగారంలో తనిఖీ. చీటీ గురించిన వాదనకు ఈ మరణాలను సాక్ష్యంగా తెచ్చేవాళ్ళు రెండు ప్రశ్నలనూ పాడుచేస్తున్నారు.

కలయిక: ఒక బిళ్ళలో ఇన్ని ఎందుకు?

సాధారణ జలుబు బిళ్ళలో కనీసం మూడు మందులుంటాయి. ఒళ్ళు నొప్పులకు, జ్వరానికి పారాసిటమాల్. కారే ముక్కుకు క్లోర్‌ఫెనిరమిన్ లేదా సెట్రిజిన్. దిబ్బడకు ఫెనైల్ఎఫ్రిన్. కొన్నిటిలో మగత తగ్గించడానికి కెఫీన్ కూడా చేరుతుంది. అంటే ఒక మందు తెచ్చే ఇబ్బందిని ఇంకో మందుతో సర్దుతున్నారన్నమాట.

దిబ్బడ మందు చరిత్రే ఈ చర్చలో పెద్ద పాఠం. ఒకప్పుడు ఆ చోటులో ఫెనైల్‌ప్రొపనాలమిన్ ఉండేది. దానికి మెదడులో రక్తస్రావంతో సంబంధం ఉందని, ముఖ్యంగా ఆకలి తగ్గించుకోవడానికి వాడిన స్త్రీలలో ముప్పు కనిపించిందని యేల్ విశ్వవిద్యాలయం అధ్యయనంలో తేలాక 2000 నవంబరులో అమెరికా దాన్ని మార్కెట్లోంచి తీయించింది. మన దేశంలో నిషేధ ప్రకటన 2011 ఫిబ్రవరిలో వచ్చింది. మధ్యలో పదేళ్ళు. అరుదైన ప్రమాదం కాబట్టి ఏ ఒక్క షాపులోనూ, ఏ ఒక్క క్లినిక్‌లోనూ అది కనబడదు. లక్షల మందిని కలిపి లెక్క చూస్తేనే బయటపడుతుంది. క్లోరోఫాం కథ ఇక్కడ మళ్ళీ వినిపిస్తుంది.

ఆ ఖాళీలో ఫెనైల్ఎఫ్రిన్ వచ్చి కూర్చుంది. 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ నియమించిన నిపుణులు, నోటితో మింగే ఫెనైల్ఎఫ్రిన్ ముక్కు దిబ్బడకు పనిచెయ్యదని ఏకగ్రీవంగా తేల్చారు. పేగుల్లోనూ కాలేయంలోనూ చాలావరకు విరిగిపోయి ముక్కుదాకా చేరేది చాలా తక్కువ. 2024 నవంబరులో దాన్ని అనుమతి జాబితా నుంచి తొలగించాలని ఆ సంస్థ ప్రతిపాదించింది. వాళ్ళ అభ్యంతరం ప్రమాదం గురించి కాదు, ప్రయోజనం లేకపోవడం గురించి. ఇక్కడ నేనొక మాట చెప్పక తప్పదు. ప్రయోజనం లేని మందుకు చిన్న దుష్ఫలితం కూడా ఎక్కువే. బీపీ ఉన్న మనిషి రక్తనాళాలు బిగించే మందును ఏ లాభమూ లేకుండా ఎందుకు మింగాలి?

పాత మందు సూడోఎఫిడ్రిన్ పనిచేస్తుంది, కానీ దానికి వేరే తలనొప్పులున్నాయి. దాన్నుంచి మెథాంఫెటమిన్ అనే మత్తుపదార్థం చేస్తారు కాబట్టి చాలా దేశాల్లో అమ్మకానికి కట్టుబాట్లున్నాయి. అరుదుగా మెదడు రక్తనాళాలు బిగుసుకుపోయే ముప్పు ఉందని, బీపీ అదుపులో లేనివారు, తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవారు వాడకూడదని యూరప్ ఔషధ సంస్థ 2024లో హెచ్చరికను గట్టి చేసింది.

కలయిక మందుల మీద మన ప్రభుత్వం చేసిన పెద్ద ప్రయత్నం కోకాటే కమిటీతో మొదలైంది. ఒకప్పుడు వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న చంద్రకాంత్ కోకాటే దానికి అధ్యక్షుడు. ఆ పరిశీలన ఆధారంగా 2016 మార్చి 10న 344 కలయికలను నిషేధించారు. వాటిలో దగ్గు, జలుబు మందులు చాలా ఉన్నాయి. కంపెనీలు కోర్టుకెళ్ళాయి. ఢిల్లీ హైకోర్టు ఆ డిసెంబరులో నిషేధాన్ని కొట్టేసింది. 2017 చివర సుప్రీంకోర్టు మళ్ళీ నిపుణుల పరిశీలనకు పంపింది. 2018 సెప్టెంబరులో 328 కలయికలు చివరికి పోయాయి. 2023 జూన్‌లో మరో 14, 2024 ఆగస్టులో 156 నిషేధంలోకి వచ్చాయి. చివరి జాబితాలో పారాసిటమాల్, ఫెనైల్ఎఫ్రిన్, లెవోసెట్రిజిన్ కలిసిన జలుబు మందు కూడా ఉంది.

2023 నిషేధంలో ఉన్న ఫోల్కోడిన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దగ్గు తగ్గించే ఈ మందు వాడినవారికి నెలల తర్వాత ఆపరేషన్ కోసం పూర్తి మత్తు ఇస్తే, కండరాలు సడలించే మందులకు ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చని తేలింది. అందుకే యూరప్, బ్రిటన్, ఆస్ట్రేలియా 2022-23లో దాన్ని ఉపసంహరించుకున్నాయి. మొన్నెప్పుడో తాగిన దగ్గు మందుకూ, ఇవాళ్టి ఆపరేషన్ బల్లకూ ముడి ఉంటుందని ఎవరు ఊహిస్తారు?

కలయికలన్నీ చెడ్డవని మాత్రం చెప్పలేం. నొప్పి మందు, దిబ్బడ మందు, అలర్జీ మందు కలిసిన బిళ్ళలు పెద్దవాళ్ళలో కొంత ఉపశమనం ఇస్తాయని, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి చూసే కొక్రేన్ సమీక్షలు ఒప్పుకున్నాయి. చిన్న పిల్లల్లో మాత్రం అలాంటి లాభం వాటికి కనబడలేదు.

కొలత: కౌంటర్ మీద వెయ్యని కూడిక

అన్నిటికంటే తక్కువ వార్తలకెక్కేదీ, అన్నిటికంటే ఎక్కువ ఇళ్ళలో జరిగేదీ ఇదే. ఒక కూడిక వేద్దాం. జ్వరానికని 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ బిళ్ళ రోజుకు నాలుగుసార్లు వేస్తే 2,600. జలుబుకని వేసే కలయిక బిళ్ళలో 500 ఉంటే, మూడు పూటలకు 1,500. మొత్తం 4,100. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి రోజుకు గరిష్ఠ పరిమితి 4,000. ఒళ్ళు నొప్పులకు ఇంకో బిళ్ళ, రాత్రికి వేడినీళ్ళలో కలుపుకునే పొడి చేరితే ఇంకా పైకి పోతుంది. మూడు అట్టల మీదా మూడు పేర్లు. లోపలున్న మందు ఒకటే. కత్తిరించిన స్ట్రిప్పులో ఆ సంగతి చదివి తెలుసుకునే వీలే లేదు.

పారాసిటమాల్‌లో కొద్ది భాగాన్ని కాలేయం ఒక విష పదార్థంగా మారుస్తుంది. గ్లూటథయోన్ అనే రక్షక పదార్థం దాన్ని కడిగేస్తుంది. మోతాదు మించినా, మద్యం అలవాటున్నా, నాలుగు రోజులుగా సరిగ్గా తిండి లేకపోయినా ఆ రక్షక నిల్వ తరిగిపోతుంది. జ్వరంలో తిండి మానేసే మన అలవాటు ఇక్కడ నేరుగా లెక్కలోకి వస్తుంది. మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు, కొంచెం వికారం అంతే. కామెర్లు కనబడేసరికి కాలేయం దెబ్బతిని ఉంటుంది. విరుగుడుగా ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఉంది. ఎక్కువ మోతాదు ఒకేసారి మింగినవారికి ఎనిమిది గంటల్లోపు ఇస్తే బాగా కాపాడుతుంది. రోజుల తరబడి కొంచెం కొంచెంగా మించిపోయినవారు ఆ గడియలో ఆసుపత్రికి రారు. తమకు ప్రమాదం ఉందని వాళ్ళకు తెలియదు మరి.

నగర శివార్లలోని బొంతపల్లిలో ప్రపంచానికి పారాసిటమాల్ పంపే భారీ కర్మాగారం ఉంది. ఇంత మందు చేసే ఊళ్ళో దాని కూడిక చెప్పే చిన్న బోర్డు తెలుగులో, ఉర్దూలో ప్రతి కౌంటర్ మీదా ఉండాలి. బ్రిటన్ 1998లో దుకాణాల్లో ఒకసారికి 16 బిళ్ళలు, ఫార్మసీలో 32 అని పెట్టెల పరిమాణం తగ్గించింది. ఆ తర్వాత 11 ఏళ్ళలో ఇంగ్లండ్, వేల్స్‌లో పారాసిటమాల్ మరణాలు అంచనా వేసినదానికన్నా సుమారు 43 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. అక్కడ ప్రధాన సమస్య ఆత్మహత్యలు. మన దగ్గర తెలియక మింగే మోతాదు కూడా ఉంది కాబట్టి ఆ కొలబద్ద ఇక్కడ ఎంతవరకు పనికొస్తుందో తేలాల్సి ఉంది.

క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ వంటి పాత అలర్జీ మందులు నిద్ర తెస్తాయి. ఇది అందరికీ తెలిసిన సంగతే, అందుకే తేలిగ్గా తీసుకుంటాం. బేగంపేట ఫ్లైఓవర్ మీద రాత్రి షిఫ్టు ముగించుకుని బండి మీద వెళ్ళేవారికి అది తేలిక కాదు. అమెరికా రవాణా భద్రతా సంస్థ 2014లో విమాన ప్రమాదాల్లో చనిపోయిన పైలట్ల శవపరీక్షల్ని పరిశీలిస్తే, మనిషిని మందగింపజేసే మందుల్లో ఎక్కువగా కనిపించింది డైఫెన్‌హైడ్రమిన్. చిరకాలం విమానాశ్రయంతోనే గుర్తుపట్టిన ఈ ప్రాంతానికి ఆ సంగతి కొంచెం దగ్గరగా తగలాలి. నిద్ర ఒక్కటే కాదు. ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయనకు ఇవే మందులు మూత్రం బిగబట్టేస్తాయి. కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెంచగలవు. డెబ్బై దాటినవారిలో అయోమయం తేగలవు, అది చూసి ఇంట్లోవాళ్ళు మతిమరుపు మొదలైందనుకుంటారు.

డిప్రెషన్‌కు మందు వాడేవారికి డెక్స్‌ట్రోమెథార్ఫాన్ తోడైతే ఒణుకు, చెమటలు, గుండెదడతో సెరటోనిన్ ఎక్కువయ్యే ప్రమాదకర స్థితి రావచ్చు. మానసిక వైద్యం దాచుకునే ఇళ్ళలో ఆ మందు వాడుతున్నామని షాపులో ఎవరు చెబుతారు?

ముక్కులో వేసే చుక్కల కథ వేరు. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. నాలుగైదు రోజులు దాటితే మందు దిగగానే దిబ్బడ ఇంకా ఎక్కువగా తిరిగి వస్తుంది. దానికి మళ్ళీ చుక్కలు. ఇలా నెలల తరబడి ఆ సీసా వదల్లేనివారు ఉంటారు. ఇది జలుబు కాదు, మందు తెచ్చిన జబ్బు.

వానాకాలపు జ్వరం విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ముప్పు డెంగీ. మొదటి రెండు రోజులు అది ఫ్లూలాగే ఉంటుంది. అప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అదే కోవకు చెందిన మెఫెనమిక్ యాసిడ్ మీద, తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023 నవంబరు చివర ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. పిల్లలకు నిమెసులైడ్ 2011 నుంచీ నిషేధమే. ఆస్పిరిన్ అయితే రేయ్ సిండ్రోమ్ అనే జబ్బు భయంతో 1980ల నుంచే చాలా దేశాల్లో పిల్లలకు ఇవ్వడం మానేశారు.

పసిపిల్లల దగ్గర దాదాపు ఏకాభిప్రాయం

అంతా గొడవే కాదు. ఐదేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు కలయిక మందులు వద్దన్న మాట మీద వైద్యులు, అధికారులు చాలావరకు కలిశారు. అమెరికా 2008లో రెండేళ్ళలోపు పిల్లలకు వద్దంది. బ్రిటన్ 2009లో ఆరేళ్ళలోపు వారికి వద్దంది. మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైల్ఎఫ్రిన్ జంట నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని అట్ట మీద రాయమంది. 2025 అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్, రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్ళలోపు సాధారణంగా అవసరం లేదని సలహా ఇచ్చింది. కోల్డ్‌రిఫ్ సీసాలో ఉన్నది సరిగ్గా ఆ క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైల్ఎఫ్రిన్ జంటే, పారాసిటమాల్ తోడుగా. కల్తీ లేకపోయినా చాలామంది ఆ పసివాళ్ళకు ఇవ్వాల్సిన మందు కాదది.

ఎవరి వాదం ఏమిటి?

మొదటి పక్షం మందుల నియంత్రణను గట్టిగా కోరేది. చీటీ లేనిదే జలుబు మందు కూడా ఇవ్వకూడదంటుంది. వాళ్ళ బలం యాంటీబయాటిక్స్ అనుభవంలో ఉంది. 2023 మార్చిలో ఫ్లూ విస్తరించినప్పుడు అజిత్రోమైసిన్ వంటివి అనవసరంగా వాడుతున్నారని వైద్యుల సంఘం ఐఎంఏ బహిరంగంగా హెచ్చరించాల్సి వచ్చింది. మోంటెలుకాస్ట్ లాంటి చీటీ మందు జలుబు బిళ్ళలాగా చేతికొస్తోంది. దానికి మానసిక దుష్ఫలితాలున్నాయని 2020లో అమెరికా అత్యున్నత స్థాయి హెచ్చరిక పెట్టింది. ఈ పక్షపు బలహీనత మాత్రం రసూల్‌పురాలో తెలుస్తుంది. రోజు కూలీ వదులుకుని, ఫీజు కట్టి, కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గే జలుబుకు డాక్టరు దగ్గరకు వెళ్ళమనడం అందరికీ అయ్యే పని కాదు. అలా తోస్తే వాళ్ళు వెళ్ళేది ఆర్‌ఎంపీ దగ్గరకు, అక్కడ స్టెరాయిడ్ కూడా చేరే ప్రమాదం ఉంది.

రెండో పక్షం అందుబాటును కోరేది. కంపెనీలున్నాయి, కానీ వాళ్ళొక్కరే కాదు, ప్రజారోగ్యం తెలిసిన వారూ ఉన్నారు. జాబితా స్పష్టంగా పెట్టి, చిన్న పెట్టెలో, తక్కువ మోతాదులో, ఐదు రోజుల పరిమితితో అమ్మనివ్వండి అంటారు. 2022 ముసాయిదా వాళ్ళ ఆలోచనే. నాకు ఈ దారే ఎక్కువ నిజాయితీగా తోస్తుంది, ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఒప్పుకుని హద్దు గీస్తుంది కాబట్టి. అయితే కౌంటర్ వెనక చదువుకున్న ఫార్మసిస్టు నిజంగా నిలబడితేనే ఇది సాగుతుంది. గోడ మీద సర్టిఫికెట్, కౌంటర్ దగ్గర పదో తరగతి కుర్రాడు ఉంటే సాగదు.

మూడో పక్షం అసలు మందే వద్దంటుంది. జలుబు వైరస్ జబ్బు, వారం పది రోజుల్లో పోతుంది, ఈ మందులు దాన్ని ఒక్కరోజు కూడా తగ్గించవు అంటుంది. దగ్గు మందుల మీద 29 పరీక్షలను చూసిన 2014 కొక్రేన్ సమీక్ష, పనిచేస్తాయనడానికీ చెయ్యవనడానికీ గట్టి ఆధారం లేదని రాసింది. శాస్త్రంగా ఈ పక్షం బలమైనది. కానీ రాత్రంతా దగ్గుతూ తెల్లారి పనికెళ్ళాల్సిన మనిషికి ఆ బలం తోడు రాదు.

నాలుగోది ఇంటి మందు పక్షం. శొంఠి, మిరియాలు, తులసి కషాయం, ఆవిరి పట్టడం. వంటింటి కొలతలో ఇవి హాని చేసే సందర్భాలు తక్కువే. మందు స్థాయికి వెళ్ళిన మూలికల మీద అదే ధీమా ఉంచలేం. కరోనా కాలంలో తిప్పతీగ విపరీతంగా వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. మరుసటి ఏడాది 13 కేంద్రాల నుంచి 43 మంది రోగుల వివరాలు వచ్చాయి. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. తేనె పెద్దలకూ పిల్లలకూ దగ్గుకు మంచిదే, ఏడాదిలోపు బిడ్డకు మాత్రం ఇవ్వకూడదు.

ఈ నాలుగు పక్షాలనూ మన మూడు ప్రశ్నల ముందు నిలబెడితే తేడా తెలుస్తుంది. కల్తీకి నలుగురి దగ్గరా జవాబు లేదు, అది కర్మాగారపు తనిఖీ పని. కలయికకు మొదటి, మూడో పక్షాలే గట్టిగా మాట్లాడతాయి. కొలత విషయంలో రెండో పక్షం ఒక్కటే ఆచరణకు వచ్చే మాట చెబుతుంది, అదీ కౌంటర్ బాగుపడుతుందన్న షరతు మీద.

ఇంకా తేలనివి

ఫెనైల్ఎఫ్రిన్‌ను అమెరికా తీసేస్తే మన బిళ్ళల్లో దాని చోటులోకి ఏది వస్తుంది? ఫెనైల్‌ప్రొపనాలమిన్ పోయినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు, ఫలితం చూశాం. సెట్రిజిన్ నెలల తరబడి రోజూ వాడి ఆపినవారిలో తీవ్రమైన దురద వస్తోందని 2025 మేలో అమెరికా హెచ్చరించింది. దుమ్ములో తిరిగే మన నగరంలో దాన్ని ఏళ్ళుగా వాడేవారి సంఖ్య చిన్నది కాదు, వాళ్ళ గురించి మన దగ్గర లెక్క ఎవరు తీస్తారు? అట్ట మీది హెచ్చరిక కొనేవారి భాషలో ఎప్పుడొస్తుంది?

దుష్ఫలితాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది. 1800-180-3024 నంబరుకు రోగులు తామే ఫోన్ చేసి చెప్పవచ్చు, తెలుగులో ఫారం కూడా ఉంది. నాసిరకం మందుల మీద ఫిర్యాదుకు తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ 1800-599-6969 నంబరు పెట్టింది. చీటీ మందుల గురించి డాక్టర్లు ఎంతో కొంత రాసి పంపుతారు. జలుబు బిళ్ళ గురించి రాయాలని ఎవరికీ తోచదు. అర్ధరాత్రి మూత్రం బిగుసుకుపోయి వచ్చిన పెద్దాయన కేసు షీట్లో ప్రోస్టేట్ అని రాస్తారు. తల తిరిగి మెట్ల మీద పడిన పెద్దమ్మ కేసులో ఎముక విరిగింది అని రాస్తారు. బీపీ అదుపు తప్పినవారికి బీపీ మాత్ర పెంచుతారు. ముందు రోజు సాయంత్రం కాగితపు కవర్లో ఇంటికి వచ్చిన ఆ నాలుగు బిళ్ళల పేరు ఆ షీట్లలో దేనిలోనూ ఉండదు.